డాక్టరుగారి ప్రజాసేవా సెలవు

ఇకపై రోగుల్ని ఒక్కొక్కరిగా చూడటం మానేసి, సమాజం మొత్తానికి ఒకేసారి వైద్యం చేయాలని మా మునిసిపల్ ఆస్పత్రి డాక్టరుగారు నిర్ణయించుకున్నారు. ఇంతటి నిర్ణయాన్ని ఆయన మా పెద్దమ్మ వీపు మీద స్టెతస్కోపు ఆనించి ఉండగా ప్రకటించారు. మా కుటుంబానికి ఇంతకుముందు ఇలాంటి గౌరవం దక్కలేదు.

పెద్దమ్మకి ఆయాసం. నన్ను పెంచి పెద్ద చేసిన మనిషి, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడిపోతోంది. నాకు భయం వేసి, ఆస్పత్రి ఎదురుగా ఉన్న నా టైలరింగ్ షాపు మూసి తీసుకెళ్ళాను.

"గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టండమ్మా," అన్నారు డాక్టరుగారు.

పెద్దమ్మ బిగపట్టింది. సరిగ్గా అప్పుడే పార్టీవాళ్ళు పూలగుత్తి పట్టుకుని తోసుకొచ్చారు.

"సార్, మన వార్డు టికెట్ మీకే!"

డాక్టరుగారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, మడిచి, బల్ల మీద పెట్టి, అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చారు. జనం వ్యాధి గదిలో లేదట, వ్యవస్థలో ఉందట. చప్పట్లు కొట్టుకుంటూ అందరూ ఆయన్ని మోసుకుపోయారు. తిరిగి చూస్తే పెద్దమ్మ బుగ్గలు పూరించుకుని, ముఖం కందిపోయి, అలాగే కూర్చుని ఉంది.

"వదిలెయ్ పెద్దమ్మా! చచ్చిపోతావ్!"

వదిలి, రొప్పుతూ నన్నే కసిరింది. "డాక్టరు వదలమన్లేదు గదరా!"

ఎన్నికల్లో నిలబడాలంటే ఉద్యోగం వదలాలని రూలు. కానీ ఆయన సున్నిత మనస్కులు. ప్రచారానికి కొత్త తెల్లకోటు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను.

"రాజీనామా చేస్తున్నారా సార్?"

"రాజీనామానా? వైద్యుడు రోగిని వదిలేసి పోతాడుటయ్యా? సెలవు పెడుతున్నాను."

"మరి ఈ కోటుకి స్టెతస్కోపు జేబు ఉంచమంటారా?"

"ఉంచు. మైకుకి పనికొస్తుంది."

ఆయన వార్డు గెలిచారు. పార్టీలో ఇద్దరు పోట్లాడుకుంటే మధ్యలో ఉన్నాయన కనక మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. ఆస్పత్రి డాక్టరు సెలవు మంజూరు చేయవలసింది చైర్మనే. తన దరఖాస్తు తానే రెండుసార్లు చదువుకుని, "ఇంత మంచి డాక్టర్ని పోగొట్టుకోవడం ఊరికి నష్టమే," అని నిట్టూర్చి, బరువైన గుండెతో సంతకం పెట్టారని కాంపౌండరు చెప్పాడు. సొంతవాడని పక్షపాతం చూపలేదు. జీతం లేని సెలవే ఇచ్చారు.

పెద్దమ్మని తీసుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను.

"సార్, ఆస్పత్రికి డాక్టరు కావాలి."

"ఉన్నాడు కదయ్యా."

"ఎక్కడ సార్?"

"సెలవులో! సెలవులో ఉన్నవాడు ఉన్నట్టే లెక్క. పోస్టు ఖాళీ అయితే కదా ఇంకొకర్ని వేసేది?"

పక్క ఊరి పెద్దాస్పత్రికి వెళ్తే వాళ్ళు ముందు మీ ఊరి డాక్టరు చీటీ తెమ్మన్నారని చెప్పాను.

"సరిగ్గానే చెప్పారు. పద్ధతి తెలిసినవాళ్ళు. ఇంతకీ ఆవిడ ఇబ్బందేమిటి?"

"నిలబడి ఎదురుచూడలేకపోతోంది సార్."

"అదీ సంగతి! ముందే అలా చెప్పవేం?"

వారం తిరక్కుండా ఆస్పత్రి వరండాలో సిమెంటు బల్ల వెలిసింది. చైర్మన్ గారే స్వయంగా రిబ్బను కత్తిరించి, పెద్దమ్మని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. బల్లకి వీపు ఆనించే చోట ఆయన పేరు ఎత్తుగా చెక్కించడం వల్ల ఆనుకుంటే గుచ్చుకునేది. అయినా ఊళ్ళో అందరూ వచ్చి కూర్చుని చూసి, మెచ్చుకుని వెళ్ళారు.

ఆ బల్లే ఆయన్ని ఎమ్మెల్యేని చేసింది. "కూర్చోబెట్టిన నాయకుడు" అని గోడల నిండా రాశారు. ఎమ్మెల్యే కాగానే బల్ల మీద రేకుల షెడ్డు వేయించి, రెండు ఫ్యాన్లు పెట్టించారు. మొదటి ఫ్యాను గాలి పెద్దమ్మకే తగలాలని పట్టుబట్టి దాని కింద ఆవిడకి వేరే కుర్చీ వేయించారు. సెలవు మాత్రం ఏటా పొడిగించుకుంటూనే ఉన్నారు. ఇలాంటి చిన్న విషయాల్లోనే మనిషి నిజాయితీ తెలుస్తుంది.

పెద్దమ్మ ఆయాసమూ ఆయనతోపాటు పెరిగింది. ఇదివరకు నాలుగడుగులు వేసేది, ఇప్పుడు రెండు. రాత్రిళ్ళు దిండుకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఊపిరిలో ఆ ఈల లాంటి చప్పుడు వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యం. ఆగితే లేచి చూస్తాను.

ఈలోగా ఆయన ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. కోటు కొలతలకి నా టేపు చాలక ఇంకొకటి అతికించాను. పదవిలోకి వస్తూనే గట్టి రూలు ఒకటి తెచ్చారు. సస్పెండయిన డాక్టరు విచారణ ముగిసేదాకా రోగి మీద చెయ్యి వేస్తే జైలే. "మంత్రిగారి కొరడా" అని పేపర్లు రాశాయి. ఆ తర్వాత మా ఊరి మీద ప్రేమకొద్దీ షెడ్డు పడగొట్టించి, నాలుగంతస్తుల నిరీక్షణ భవనం కట్టించారు. అన్ని అంతస్తుల్లోనూ కుర్చీలే. లిఫ్టు కూడా ఉంది. ఎవరికి నచ్చిన అంతస్తులో వాళ్ళు ఎదురుచూడవచ్చు.

ప్రారంభోత్సవానికి పెద్దమ్మని మొదటి వరసలో కూర్చోబెట్టాను. ఈసారి చూపించకుండా ఇంటికి తీసుకెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను.

మంత్రిగారు మైకు జేబులోంచి తీసి మొదలుపెట్టారు. "ఈ ఊరి రోగుల్ని నేను ఏనాడూ వదల్లేదు..." అంటూనే మాట తడబడింది. నుదుటి నిండా చెమట. గుండె పట్టుకుని తూలిపోయారు. నలుగురూ పట్టుకుని పెద్దమ్మ పక్క కుర్చీల్లో పడుకోబెట్టారు.

"డాక్టర్ని పిలవండి!" అని అరిచాడు పి.ఎ.

"డాక్టరుగారు సెలవులో ఉన్నారండి," అన్నాడు కాంపౌండరు.

మంత్రిగారు కళ్ళు మూసుకునే గర్జించారు. "మంత్రి ప్రాణం మీదికొస్తే సెలవా? ఎన్నాళ్ళనుంచి?"

"చాలా ఏళ్ళయిందండి."

"ఏళ్ళా? అడిగేవాడు లేడా? ఇప్పుడే, ఇక్కడే సస్పెండ్ చెయ్యండి!"

"అదికాదండీ, ఆ డాక్టరు..."

"నసగొద్దు! ఎవడైనా సరే! మావాడైనా సరే!"

జనం ఈలలు వేశారు. పి.ఎ. అక్కడే కాగితం రాసి అందించాడు. మంత్రిగారు చూడకుండానే సంతకం పెట్టారు. పెట్టగానే ఆయన ముఖంలోకి రంగు వచ్చింది. ఎవరో సోడా కొట్టి ఇచ్చారు. గట్టిగా ఒక తేన్పు తేన్చి లేచి కూర్చున్నారు. గుండెకేమీ కాలేదు, పొట్టలో గాలి. మళ్ళీ చప్పట్లు.

అప్పుడు పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "బాబూ, నువ్వూ... డాక్టరువేగా. ఒక్కసారి... చూడు నాయనా."

మంత్రిగారు నిజంగానే కరిగిపోయారు, నేను కళ్ళారా చూశాను. కాంపౌండరు పరుగెత్తి పాత స్టెతస్కోపు తెచ్చి, దుమ్ము ఊది ఇచ్చాడు. ఆయన చెవుల్లో పెట్టుకున్నారు. పెద్దమ్మ వీపు మీద ఆనించారు.

"గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టండమ్మా."

పెద్దమ్మ ఎక్కడలేని శక్తీ కూడగట్టుకుని పీల్చి, బిగపట్టింది.

పి.ఎ. కాగితం చూపించి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన ఒక్క క్షణం పాలిపోయారు. తర్వాత నెమ్మదిగా స్టెతస్కోపు తీసేశారు. మైకు అందుకున్నారు.

"తల్లీ, నన్ను క్షమించు. ఈ ఊరి డాక్టర్ని ఇప్పుడే సస్పెండ్ చేశారు. ఇక నేను రోగిని ముట్టుకోకూడదు. నేను పెట్టిన రూలు నేనే తప్పితే రేపు నా ముఖం ఎవరు చూస్తారు?"

అంత చప్పట్లు మా ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. విచారణకి తానే అధ్యక్షత వహిస్తాననీ, దోషిని వదిలే ప్రసక్తే లేదనీ, అంతవరకూ పోస్టు ఖాళీగా భావించరాదనీ చెప్పి ఆయన కారెక్కారు. జనం కారు వెంట పరుగెత్తారు. హాలు ఖాళీ అయింది.

పెద్దమ్మ వైపు తిరిగాను. బుగ్గలు పూరించుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఇంకా బిగపట్టే ఉంది.

"వదిలెయ్ పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ అడ్డంగా తల ఊపి, కారు వెళ్ళిన వైపు వేలు చూపించింది.