వంటమనిషి మీసం

మొదట్లో మామయ్య చేతిలో ఉన్నవి రెండే: నాటకాల వేషాలు అద్దెకిచ్చే దుకాణం, అక్కా బావా ప్రమాదంలో పోయాక మిగిలిన ఆరేళ్ల మేనకోడలు. దుకాణం ఎప్పుడూ నష్టంలోనే నడిచేది. మేనకోడల్ని చూడటానికి ఆ ఉదయం వాళ్ల నాయనమ్మ వస్తోంది. ఇల్లు నచ్చకపోతే పిల్లను తనతో తీసుకుపోతానని ముందే కబురంపింది.

ఇల్లు ఊడ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమనిషిలా కూర్చోవాలని మామయ్య పథకం. కానీ పాప అమ్మ కావాలని ఏడుస్తూ లేచింది. దానికి అతనికి తెలిసిన మందు ఒకటే. అక్క శాలువా కప్పుకుని, దుకాణంలోని పొడుగాటి జడ తగిలించుకుని, పాపను ఒళ్లో వేసుకుని జోకొట్టసాగాడు.

నాయనమ్మ చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. కిటికీలోంచి ఆ జడ చూసింది.

అతను శాలువా, జడ మంచం కిందికి తోసి తలుపు తీశాడు.

"లోపల ఎవరా ఆడమనిషి?"

"వంటమనిషి, అత్తయ్యగారూ."

"పిలువు. పిల్లకేం పెడుతోందో అడగాలి."

మామయ్య లోపలికి వెళ్లాడు. వంటమనిషి అక్క శాలువా ముసుగేసుకుని వచ్చింది.

"మీ బాబుగారేడీ?"

"బజారుకెళ్లారమ్మా," అంది సన్నటి గొంతు.

"ఇప్పుడేగా లోపలికెళ్లాడు! ఏ దారిన పోయాడు?"

"పెరటి గోడ దూకి..."

"గోడలు దూకేవాడి చేతిలోనా నా మనవరాలు! పాపా, పదవే, బట్టలు సర్దుకో!"

"అయ్యో, వద్దండీ!" వంటమనిషి గొంతు ఒక్కసారిగా బొంగురుపోయింది.

"ఇంక చాల్లే మామయ్యా," అంది పాప. "మీసం కనిపిస్తోంది."

ముసుగు జారింది. ఎవరూ నవ్వలేదు.

"మామయ్యని తిట్టకు నాయనమ్మా. అమ్మ వేషం వేస్తేనే నాకు నిద్రొస్తుంది."

బేరం చెడిందని మామయ్యకు అర్థమైంది. పాప గౌన్లు తనే మడతపెట్టసాగాడు. కళ్లు మసకబారి ఒకే గౌను మళ్లీ మళ్లీ మడతపెడుతున్నాడు.

నాయనమ్మ కిందపడిన శాలువా తీసి మొహానికి ఆనించుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మావాడి వేషం కూడా ఉందా బాబూ?"

ఉంది. బావ చొక్కా వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఇంత ఆలస్యం చేశావేంరా," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. సాయంత్రమైనా వదల్లేదు.

నాయనమ్మ మళ్లీ తన ఊరు వెళ్లలేదు. చివరికి లెక్క చూస్తే పాప దక్కింది, తీసుకుపోవడానికి వచ్చిన మనిషి కూడా మామయ్య ఖర్చులోకే వచ్చి చేరింది.