వయసు తెప్పించిన గాలం కర్ర

మే నెల మూడో శనివారం ఉదయం క్లెమెంట్ బాడ్‌కిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు ఉడికించిన గుడ్లు తినాలి, కొత్త టోపీ పెట్టుకోవాలి, హంఫ్రీ కారులో విన్నెట్ ఏటికి వెళ్లాలి, క్లబ్బు అధ్యక్షుడి ఎదుట ఒక్క ట్రౌట్ చేపను మర్యాదగా పట్టాలి, ఆ వారంలోనే క్లబ్బు సభ్యుడైపోవాలి. ఇందులో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది గుడ్ల విషయంలోనే. అదీ ఒకటిన్నర గుడ్డు వరకే.

విన్నెట్ క్లబ్బుకు సభ్యులు ఇరవై నలుగురు. ఇరవై ఐదోవాణ్ణి చేర్చుకోరు. ఎవరైనా పోతేనే ఖాళీ. క్లెమెంట్ పదకొండేళ్లుగా వరసలో నిలబడి ఉన్నాడు. ఈ మార్చిలో ఒక పెద్దాయన పోయి పుణ్యం కట్టుకున్నాడు. క్లెమెంట్‌కు అరవై మూడు నిండాయి. ఇప్పుడు తప్పిపోతే మళ్లీ ఖాళీ వచ్చేసరికి తనే ఉండకపోవచ్చని అతని బెంగ. ముప్పై ఏళ్లు మునిసిపాలిటీలో మురుగు కాలువల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషికి, అడుగున గులకరాళ్లు కనిపించే నీళ్ల పక్కన నిలబడాలని ఉండడంలో తప్పేమీ లేదు.

ఇక అతని గాలం కర్ర సంగతి. అది భార్య బెరిల్ మేనమామ సిరిల్ పెరట్లో చిక్కుడు తీగకు ఆసరాగా పాతి ఉండేది. ఊడబెరికి చూస్తే, ఆరు వెదురు బద్దలు అతికించి చేసిన అరవై ఏళ్ల నాటి కర్ర. క్లెమెంట్ శీతాకాలమంతా షెడ్డులో కూర్చుని దానికి సేవ చేశాడు. పాత వార్నిష్ గీకాడు, వంకరలను వెచ్చచేసి తీశాడు, కీళ్లు తోమాడు, నూట పన్నెండు చోట్ల పట్టుదారం చుట్టాడు, ఏడు పూతలు వేశాడు. పూత ఆరే రోజుల్లో దుమ్ము లేస్తుందని ఇంట్లో తుమ్ము నిషేధం. బెరిల్ వీధి చివరి దాకా వెళ్లి తుమ్మి వచ్చేది. చివరికి కర్ర తేనె రంగులో తళతళలాడింది. తన చేతులతో అంత అందమైన వస్తువును క్లెమెంట్ ఎన్నడూ చేయలేదు. దాన్ని మొదటిసారి ఎండలో పెట్టి చూసిన రోజు అతనికి కళ్లు చెమర్చాయి.

హంఫ్రీ ఎనిమిదింటికి వచ్చాడు. అతను పాత సభ్యుడు, క్లెమెంట్ పేరు ప్రతిపాదించినవాడు. హాల్లో గోడకు ఆనించిన కర్రను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేమిటి?" అన్నాడు.

"నా కర్ర. చెప్పాను కదా, పాతదని."

"పాతదని నువ్వంటున్నావు. అది అనడం లేదు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. క్లబ్బులో కొత్తగా కనిపించే వస్తువు ఏదైనా నామోషీ. నియమమంటూ ఎక్కడా రాసి లేదు, రాస్తే అది కూడా నామోషీయే. నిరుడు ఒక పళ్ల డాక్టరు కొత్త బూట్లు తొడుక్కుని వచ్చాడు. కమిటీ వారు అతనితో వాతావరణం గురించి చాలా మర్యాదగా మాట్లాడి పంపించారు. ఆ తర్వాత అతని పేరు ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడు సర్ ఓస్విన్ కర్ర వాళ్ల తాతదట, టోపీ వాళ్ల నాన్నదట. ఇలాంటి కర్ర పట్టుకుని ఆయన ముందుకు వెళ్తే పదకొండేళ్లూ ఏట్లో కలిసినట్టేనని హంఫ్రీ చెప్పాడు.

"గంట టైముంది. దీనికి వయసు తెప్పించు."

తినీతినని గుడ్డు బల్లమీదే ఉండిపోయింది. హంఫ్రీ గరుకు కాగితంతో గీకేయమన్నాడు. క్లెమెంట్ కాగితం పట్టుకుని రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లు లేచాడు. గీకడానికి అతనికి చేయి రాలేదు. కడుపున పుట్టినదాన్ని కొట్టినట్టుంటుందన్నాడు. సరే, గీకకుండా పూద్దామని రాజీకొచ్చారు. బెరిల్ గిన్నెడు టీ డికాక్షన్ కాచింది. అందులో పొగగొట్టం మసి కలిపారు, పలచగా ఉందని బూట్ పాలిష్ కూడా కలిపారు. క్లెమెంట్ కళ్లు సగం మూసుకుని కర్రకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పట్టించాడు.

"ఆరు నెలలు నన్ను తుమ్మనివ్వలేదు," అంది బెరిల్, ఖాళీ గిన్నె కడుగుతూ. ఆ గిన్నెను చాలాసేపు కడిగింది.

ఆ తర్వాత హంఫ్రీ చూపు టోపీ మీద పడింది. పుట్టినరోజుకు బెరిల్ కొనిచ్చిన ఆ టోపీని వాకిట్లో పెట్టి, దాని మీదుగా కారు ముందుకొకసారి, వెనక్కొకసారి నడిపాడు. కోటు మోచేతులను జున్ను తురిమే పీటతో తురిమారు. తొమ్మిదింటికి క్లెమెంట్ ఎవరో దిక్కులేనివాడిలా తయారయ్యాడు. హంఫ్రీకి అప్పుడు తృప్తి కలిగింది.

ఏటి ఒడ్డున చెక్క పాక ముందు కమిటీ వారు ఐదుగురు నిలబడి ఉన్నారు. సర్ ఓస్విన్‌కు ఎనభై ఏళ్లుంటాయి. ఆయన టోపీకి ఐదు బొక్కలున్నాయి. ఆయన క్లెమెంట్‌ను చూడలేదు, కర్రను చూశాడు. దగ్గరికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

"బతికించావయ్యా," అన్నాడు. "ఈ రోజుల్లో పాత కర్రలు దొరికితే చాలు, గీకి, పూసి, పెళ్లికూతుళ్లను చేస్తున్నారు. నా చేతిలో ఉంటే వాళ్లందర్నీ రాళ్లు కట్టి ఇక్కడే ముంచుదును."

అవునవునని క్లెమెంట్ అన్నాడు. హంఫ్రీ మబ్బులను పరిశీలించాడు. కర్ర ఎవరిదని సర్ ఓస్విన్ అడిగితే, మా ఆవిడ మేనమామదని క్లెమెంట్ నిజమే చెప్పాడు.

"పోయారా?"

ఆ గొంతులో అంత గౌరవం ఉంది. లేదండీ, సౌతాంప్టన్‌లో చిక్కుళ్లు పెంచుకుంటున్నాడు అని చెప్పడానికి క్లెమెంట్‌కు నోరు రాలేదు. తల ఊపాడు. ఏటి ఒడ్డునేనా అని ఆయన మళ్లీ అడిగాడు. ఒకసారి ఊగిన తల ఆగలేదు. చేతిలో ఈ కర్ర ఉండగానా అన్న ప్రశ్నకైతే అడగకముందే ఊగింది. సర్ ఓస్విన్ టోపీ తీశాడు. మిగతా నలుగురూ తీశారు. ఒక నిమిషం పాటు విన్నెట్ ఏరు తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు. ఆ వేళకు సిరిల్ రెండో కప్పు టీ తాగుతూ గుర్రప్పందేల పేజీ చదువుతూ ఉండాలి.

దాంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒడ్డున ప్రాణం వదిలిన మనిషి కర్రతో మొదటి గాలం అధ్యక్షుడే వేయాలి, అది క్లబ్బు ఆచారం. క్లెమెంట్ తన కర్రను ఇచ్చేసి చేతులు కట్టుకు నిలబడ్డాడు. వంతెన కింద మూడేళ్లుగా ఎవరికీ చిక్కని ట్రౌట్ ఒకటి ఉంది. విన్నెట్‌లో కనబడని చేపకు గాలం వేయరు. చేప తనంతట తాను పైకొచ్చి ఈగను మింగితేనే, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను దాని ముందు తేలేలా వదలాలి. కాబట్టి ఏడుగురు పెద్దమనుషులు దురదగొండి మొక్కల్లో మోకాళ్ల మీద కూర్చుని నలభై నిమిషాలు చేప దయ కోసం ఎదురుచూశారు.

చేప పైకొచ్చింది. సర్ ఓస్విన్ కర్ర ఝళిపించాడు. బూట్ పాలిష్ ఇంకా ఆరలేదు. దారం కర్రకు అతుక్కుంది. ఈగ నీళ్ల మీద దబ్బున పడింది. అంత అవమానకరమైన వేటు ఆ వంతెన కింద ఎవరూ వేసి ఉండరు. మూడేళ్లుగా మహామహులను తిప్పికొట్టిన ఆ చేప నోరు తెరిచి ఈగను మింగింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

చేప పావుగంట పోరాడింది. వాన కూడా. కర్ర నుంచి గోధుమరంగు నీళ్లు కారి సర్ ఓస్విన్ చొక్కా అంచులోకి, అక్కడి నుంచి మోచేతి దాకా పాకాయి. అవి కారిన మేరా లోపలి తేనె రంగు బయటపడసాగింది. అంతా అయిపోయిందని క్లెమెంట్‌కు తెలిసిపోయింది. అయినా ఆ కర్ర విల్లులా వంగి, ఒక్క దారప్పోగు కదలకుండా, ఒక్క కీలు సడలకుండా, వానలో తళతళా మెరుస్తుంటే అతనికి సిగ్గేయలేదు. సంతోషమేసింది. అది నా పనితనం అని అరవాలనిపించింది.

చేపను పట్టి, చూసి, మళ్లీ నీళ్లలో వదిలేశారు. సర్ ఓస్విన్ మిగతావాళ్లను పాకలోకి వెళ్లమన్నాడు. వాళ్లు వెళ్లాక చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"టీ?"

"అవునండీ. కర్రను బాగుచేసింది నేనే. ఏడు పూతలేశాను. మా ఆవిడ మేనమామ కూడా బతికే ఉన్నాడు." చెప్పేశాక క్లెమెంట్ గుండె తేలికపడింది.

సర్ ఓస్విన్ పాక తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు.

"వానకు టీ ఆగదు," అన్నాడు మెల్లగా. "వాల్‌నట్ తొక్కలు మూడు రోజులు నానబెట్టు. నేను ఏటా అదే పూస్తాను."

"అది మీ తాతగారి కర్ర కదండీ?"

"మా తాతకు నీళ్లంటే భయం." టోపీ తీసి బొక్కలు చూపించాడు. "మా ఆవిడ సిగరెట్టుతో పెట్టింది. లోపలున్నవాళ్లకు చెప్పకు. వాళ్లవి నిజంగా పాతవి. పాపం, వాళ్ల ముందు నాకు చాలా సిగ్గుగా ఉంటుంది."

తిరిగి వస్తుంటే, ఆయన ఏం మాట్లాడారని హంఫ్రీ అడిగాడు. ఏం చెప్పాలో తోచక, వాతావరణం గురించి అన్నాడు క్లెమెంట్. హంఫ్రీకి పళ్ల డాక్టరు గుర్తొచ్చాడు. ఇంటి ముందు దిగేటప్పుడు అతని భుజం తట్టి, గోల్ఫ్ కూడా మంచి ఆటేనన్నాడు.

కర్ర ఆ రెండు రోజులూ హాల్లో మెరుస్తూ ఉంది. మంగళవారం క్లెమెంట్ వాల్‌నట్ తొక్కలు తెచ్చి బకెట్లో పోశాడు. బెరిల్ బకెట్‌ను చూసి, అతన్ని చూసింది. అతని మొహమే చెబుతోంది.

గురువారం క్లబ్బు నుంచి పొట్లం వచ్చింది. క్లెమెంట్ బాడ్‌కిన్‌ను సభ్యుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. కీర్తిశేషులు సిరిల్ గారి పేరిట కమిటీ వారు ఒడ్డున కూర్చునే బల్ల ఒకటి వేయిస్తున్నారట, ఆయన మేనకోడలే దాన్ని ప్రారంభించాలట. సిరిల్ పోయాడన్న సంగతి సిరిల్‌కు చెప్పే పని బెరిల్ మీద పడింది. ఉత్తరం కింద క్లబ్బు నిబంధనల పుస్తకం ఉంది. అట్ట నలిగి, అంచులు పండి, పుటలు గోధుమరంగుకు తిరిగి నూరేళ్ల నాటిదిలా ఉంది. క్లెమెంట్ భక్తిగా మొదటి పుట తిప్పి అచ్చయిన సంవత్సరం చూశాడు. నిరుడే.

బెరిల్ పుస్తకం అందుకుని వాసన చూసింది.

"ఇది కాఫీ," అంది.