ధర తొంభై రోజులు కదలరాదు

ఒక మూడు గదుల ఇంట్లో, వంటగదిని ఆనుకుని ఉన్న భోజనాల బల్ల దగ్గర, ఆదివారం ఉదయం పదిన్నరకు కొనుగోలు కమిటీ ఒకటి ఏర్పాటైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అధ్యక్షుడు ఆ ఇంటాయనే. నీటి సరఫరా ఆఫీసులో కొనుగోళ్ల విభాగం సూపరింటెండెంటు. సభ్యుడు ఆయన బావమరిది, ఆడిట్ ఆఫీసు ఉద్యోగి. ఆహ్వానితురాలు ఆయన భార్య. డబ్బు ఆవిడది కాబట్టి ఆవిడకు ఓటు లేదు. సొంత లాభం ఉన్నవాళ్లు ఓటు వేయరాదని నిబంధన.

ఆ డబ్బు ఆరు లక్షలు. బజారు వీధిలో ఒక చిన్న అద్దె గదిలో పందొమ్మిదేళ్లు కుట్టుమిషను తొక్కి ఆవిడ కూడబెట్టింది. గది ఓనరు ఈమధ్య ఆవిడతో ఒక మాటన్నాడు. "ఐదేళ్లలో నేను మా తమ్ముడి ఊరు వెళ్లిపోతానమ్మా. అప్పటికి ఎనిమిది లక్షలు చేతిలో పెట్టు, గది నీదే. పైసా పెంచను." ఆవిడకి ఆ రోజు సంతోషంతో అన్నం సహించలేదు. ఐదేళ్లలో ఆరు ఎనిమిది కావాలి, అంతే. గౌను కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఈటీఎఫ్ అనే మాట చెవిన వేసి వెళ్లింది.

"ఏమండీ, ఆఫీసుకి పైపులూ మోటార్లూ కొనేది మీరే కదా. ఇదీ చూసి కొనిపెట్టండి," అని ఆవిడ చెక్కు చేతికిచ్చింది.

సూపరింటెండెంటు కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ప్రతిభను ఇంట్లో గుర్తించడం అదే మొదలు. ఒకప్పుడు ఉప్పు తెమ్మంటే మూడు దుకాణాల కొటేషన్లు తెచ్చాడని ఇంటి సరుకుల బాధ్యత నుంచి ఆయన్ను తప్పించారు. ఆఫీసులో మాత్రం ఆయన ప్రజ్ఞకు తిరుగులేదు. కప్పు కారుతోంది, కింద పెట్టడానికి బకెట్టు కావాలని రికార్డు గది వాళ్లు మొత్తుకుంటే, మూడో కొటేషను వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోయింది. బకెట్టు ఖర్చు మిగిలింది. ఆ ఏడాది ఉత్తమ పొదుపు పురస్కారం ఆయనదే. తడిసిన రికార్డుల సంగతి వేరే విభాగం చూసుకుంది.

కమిటీ మొదట ఈటీఎఫ్ అంటే ఏమిటో తెలుసుకుంది. అదొక బుట్ట. అందులో యాభై పెద్ద కంపెనీల షేర్లు తలా కాసిన్ని ఉంటాయి. ఆ బుట్టలో మనం చిన్న వాటా, అంటే యూనిట్, కొనుక్కుంటాం. మార్కెట్టు తెరిచి ఉన్నంతసేపూ షేరులాగే కొనొచ్చు, అమ్మొచ్చు. బుట్టను చూసుకుంటున్నందుకు ఏటా కొంత ఖర్చు పట్టుకుంటారు. ఆ ఖర్చు తక్కువగా ఉన్నదాన్ని, రోజూ బాగా చేతులు మారుతున్నదాన్ని చూసి కొనుక్కుని, కొన్నేళ్లు ముట్టుకోకుండా ఉండాలి. పడితే పడుతుంది, కంగారు పడకూడదు. ఇదంతా బావమరిది ఫోనులో చూసి నాలుగు నిమిషాల్లో చదివేశాడు.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే అయితే లోకంలో ఇన్ని ఆఫీసులెందుకే పిచ్చిదానా?" అన్నాడు సూపరింటెండెంటు, కొత్త ఫైలుకి తాడు బిగిస్తూ.

మర్నాడే మూడు ఫండు కంపెనీలకు లేఖలు వెళ్లాయి. సీలు వేసిన కవరులో ధర పంపవలెను. నమూనాగా ఒక యూనిట్ జతచేయవలెను. నమూనా తిరిగి ఇవ్వబడదు. చెప్పిన ధర తొంభై రోజులు కదలరాదు. మొదటి కంపెనీ ఒక క్యాలెండరు పంపింది. దాన్ని నమూనాగా భావించి, మేకుకు తగిలించి, నాణ్యత బాగుందని రాసుకున్నారు. రెండో కంపెనీ, యూనిట్ చేత్తో పట్టుకునే వస్తువు కాదని మర్యాదగా జవాబిచ్చింది. సరుకు లేకుండా ధర చెబుతోందన్న అనుమానంతో దాని పేరు ఎర్ర సిరాతో చుట్టారు. మూడోది ఉలకలేదు, పలకలేదు. దానికి మూడు రిమైండర్లు వెళ్లాయి.

ఇక తులనాత్మక పట్టిక. ఒక ఫండు యూనిట్ ఇరవై ఎనిమిది, ఇంకొకటి రెండొందల ఎనభై. రెండింట్లోనూ ఉన్నవి అవే యాభై కంపెనీలు. అతి తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొనాలన్నది సూపరింటెండెంటుకు ప్రాణం కన్నా ఎక్కువైన సూత్రం గనక, "ఇరవై ఎనిమిదే!" అని బల్ల గుద్దాడు. గ్లాసులో నీళ్లు ఒలికాయి.

"ఆగు బావా," అన్నాడు బావమరిది. "అదే సరుకు పదో వంతు ధరకి ఎలా ఇస్తున్నాడు? రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెబుతావు?"

"ఇడ్లీని పది ముక్కలు చేస్తే ముక్క చవకవుతుందిగానీ, ఇడ్లీ చవకవుతుందా?" అంది ఆవిడ, కుడుతున్న గుండీ మీంచి తల ఎత్తకుండానే.

ఆహ్వానితుల వ్యాఖ్యలు మినిట్సులో రాయకూడదు కాబట్టి రాయలేదు. ధరలో వ్యత్యాసంపై వివరణ కోరుతూ రెండు కంపెనీలకూ తాఖీదులు వెళ్లాయి. ఆరునెలల తర్వాత వచ్చిన వివరణలో అచ్చంగా ఆవిడన్న మాటే ఉంది, ఇడ్లీ తప్ప. అప్పుడది నిపుణుల అభిప్రాయంగా నమోదైంది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. సూపరింటెండెంటు పదీ పావుకి ధర ఇరవై ఎనిమిదీ పది పైసలని రాసుకున్నాడు. గళ్లు గీసేసరికి పద్నాలుగు పైసలైంది. సంతకం పెట్టేసరికి ఆరుకి దిగింది. ఆయన పట్టిక చింపి మళ్లీ గీశాడు. అది మళ్లీ మారింది. ఇరవై ఆరేళ్లలో ఏ పైపుల వ్యాపారీ ఆయన ఎదుట ఇంత తెగువ చూపలేదు. కొనుగోలు పూర్తయ్యేదాకా ధరను తొంభై రోజులపాటు నిలిపి ఉంచవలసిందిగా ఆయన స్టాక్ ఎక్స్ఛేంజీకే లేఖ రాశాడు. ధరను ఆపడం తమ చేతుల్లో లేదని వాళ్లు ఒక్క ముక్కలో జవాబిచ్చారు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల ముందు నిలబడి ఆయన ప్రసంగించాడు. "పది నిమిషాలు మాట మీద నిలబడలేని మార్కెట్టు! దీని చేతిలోనా ఒక ఇల్లాలి కష్టార్జితం పెట్టేది? నేనుండగా జరగదు! టెండరు రద్దు! మళ్లీ పిలుస్తాం!" బావమరిది చప్పట్లు కొట్టాడు. అలా ఏటా రెండుసార్లు పిలిచారు.

కొనే ముందు సరుకు తనిఖీ చేయాలి గనక, యాభై కంపెనీలనూ కళ్లారా చూడాలని మధ్యలో తీర్మానమైంది. మొదట ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీకి వెళ్లారు. కమిటీ చెరో నాలుగు ప్యాకెట్లు తనిఖీ చేసి, సంతృప్తికరమని రాసింది. మిగతా నలభై తొమ్మిదీ చూడబోయేలోగా బుట్టలోంచి ఒక కంపెనీ పోయి కొత్తది చేరింది. తనిఖీ మళ్లీ మొదటికొచ్చింది. బిస్కెట్లు మళ్లీ తిన్నారు.

ప్రతి కాగితానికీ మూడు ప్రతులు కావాలి కదా. ఆఫీసు మెట్ల కింద జిరాక్స్ షాపుంది. ఆ షాపాయన మిషను వేడెక్కేలోపు ఫైలు చదువుతుండేవాడు. నలభై ఒకటో పేజీ దగ్గర ఒకరోజు తల గోక్కున్నాడు. "సార్, ఖర్చు తక్కువున్నది ఇదే కదా. బాగా అమ్ముడుపోతున్నదీ ఇదే. కొనేస్తే పోలా?"

"కొనేయడానికి ఇదేమన్నా వంకాయలటయ్యా?" అన్నాడు సూపరింటెండెంటు జాలిగా.

జిరాక్స్ ఆయనకు నిబంధనలు తెలియవు పాపం. రెండో మిషను కోసం దాచుకున్న ఐదున్నర లక్షలూ అదే మధ్యాహ్నం, ఒకరి ఆధార పత్రాలకీ ఇంకొకరి మార్కుల జాబితాకీ మధ్య దొరికిన ఖాళీలో, ఆ ఫండులో పెట్టేశాడు.

మూడో ఏడు మార్కెట్టు దబ్బున పడింది. ఆ వారం సూపరింటెండెంటు ముఖంలో వెలుగు చూడాలి! ఆఫీసంతా ఆయన బల్ల చుట్టూ చేరింది. "ఒక్క పైసా పోలేదు!" అని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. ఆవిడ కూడా తను తొందరపడ్డానేమోనని నొచ్చుకుని, ఆయనకి అడక్కుండానే రెండోసారి కాఫీ ఇచ్చింది. జిరాక్స్ ఆయన పది రోజులు బెంగపడి, ఆ తర్వాత చూడటం మానేశాడు. పని ఎక్కువై అమ్మడం కుదర్లేదు.

ఐదేళ్లు నిండాయి. ఓనరు పెట్టె సర్దుకున్నాడు. బ్యాంకు పొదుపు ఖాతాలో ఆవిడ ఆరు లక్షలు ఏడు లక్షలు కూడా కాలేదు.

"లక్ష పైచిలుకే కదండీ. ఎక్కడన్నా అప్పు తెద్దాం. వారం టైమిచ్చాడు," అంది ఆవిడ.

బావమరిది తానిస్తానన్నాడు. అన్నవాడే, దగ్గరి బంధువు నుంచి అప్పు తీసుకోవడం అభ్యంతరకరమని తనమీద తనే నోటు రాసుకున్నాడు. సూపరింటెండెంటు ఒక్క క్షణం వృథా చేయలేదు. వడ్డీ రేట్లు కోరుతూ మూడు బ్యాంకులకు ఆ రాత్రికి రాత్రే లేఖలు సిద్ధం చేశాడు. రెండో కొటేషను వచ్చిన రోజునే, ఆ ఫండు అమ్మిన డబ్బుతో, గది జిరాక్స్ ఆయన పేర రిజిస్టరైంది.

"మీరు కొంటారేమోనని ఆగానక్కా," అన్నాడతను నొచ్చుకుంటూ. "సార్‌ని అడిగితే ప్రాసెస్‌లో ఉందన్నారు. అంటే లేనట్టే అనుకున్నా."

ఆవిడ కుట్టుమిషను మీద చెయ్యి వేసి కాసేపు ఏడ్చింది. సూపరింటెండెంటుకీ గుండె కలుక్కుమంది. చెడ్డవాడు కాడు ఆయన. "పద్ధతి ప్రకారం మన తప్పేం లేదే," అన్నాడు మెల్లగా. ఆయన బండి కోసం వెళ్లాక ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఏది కొన్నావు తమ్ముడూ?" అని జిరాక్స్ ఆయన్ని అడిగింది. మిషను మోసుకెళ్లే బండి వచ్చేలోపు, అక్కడే స్టూలు మీద కూర్చుని, ఫోనులో కొనేసింది. భర్తకు చెప్పలేదు. మినిట్సులోకి ఎక్కలేదు.

ఆఫీసు మాత్రం ఆయన సేవలను మరవలేదు. ఐదేళ్లలో చిల్లిగవ్వ పోగొట్టని మదుపరిగా సభ పెట్టి సత్కరించింది. మూడొందల పన్నెండు పేజీల ఆ ఫైలును, కొత్తగా మదుపు మొదలుపెట్టేవారికి ఆదర్శ గ్రంథంగా ప్రకటించింది. దాని ప్రతులిప్పుడు బజారు వీధిలోని ఆ గదిలోనే దొరుకుతున్నాయి. రెండు మిషన్లూ పొద్దున్నించి ఆగకుండా తిరుగుతున్నాయి. ఇప్పటికి నాలుగు వేల మంది కొన్నారట. ఫండు కాదు, ఫైలు. మొన్న శనివారం ఆ వరసలో మీరు కూడా నిలబడ్డారు కదా, చూశాం. తొందరేం లేదు, నిదానంగా చదవండి. నలభై ఒకటో పేజీ దగ్గర మాత్రం ఆగకండి. అక్కడ ఆగినవాళ్లెవరూ తర్వాతి పేజీలు చదవడం లేదని షాపాయన ఫిర్యాదు.