మౌత్‌పీసు కడిగితే మొదటికే మోసం

క్లారినెట్ ఉన్న ప్రతి ఇంటికీ ఒక మనవి: మౌత్‌పీసును ఎట్టి పరిస్థితుల్లోనూ కడగకండి! మురికిని మించిన తాళం ఇంతవరకూ ఏ కంపెనీవాడూ తయారు చేయలేదు.

నమ్మరా? పోర్టులో క్రేన్ నడిపే జాక్సన్‌ని అడగండి. పన్నెండేళ్లుగా పాతనగరం చర్చిలో క్లారినెట్ వాయిస్తున్నాడు. పన్నెండేళ్లుగా కడగలేదు. ఎందుకు కడగాలి? మౌత్‌పీసు పుట్టుకతోనే నలుపు. ఏది రంగో, ఏది మురికో తేల్చాలంటే ఎంక్వయిరీ కమిషన్ వేయాలి! వాయించే ముందు గ్లాసుడు టీ, నాలుగు పకోడీలు అతని అలవాటు. కొంత మౌత్‌పీసు లోపలే ఉండిపోయేది. బ్యాక్‌టీరియా అంటే వెనక మిగిలిన టీయే కదా! క్రిములున్నంత మాత్రాన మనిషి క్రిమినల్ అయిపోతాడా?

పైగా ఆ మురికి చలవ వల్లే జాక్సన్ క్లారినెట్ జాక్సన్ దగ్గరుంది. అతని భార్య దీనాకి శుభాకర్ అని ఒక అన్న. అతనికీ క్లారినెట్ వాయించడం వచ్చు, కొనడం మాత్రం రాదు. జాక్సన్ హెల్మెట్టూ, గొడుగూ, డ్రిల్లింగ్ మెషీనూ ఇప్పటికే అతనింట్లో కాపురం పెట్టాయి. క్లారినెట్‌ని మాత్రం మూతిదాకా తెచ్చుకుని, వాసన తగిలి, తిరిగిచ్చేసేవాడు.

ఇంతటి రక్షణ వ్యవస్థను దీనా ఒక్క పూటలో కూల్చేసింది. సీతమ్మధార క్లినిక్‌లో నర్సు మరి! ఈస్టర్‌కి వారం ముందు, మొగుడు డ్యూటీకి వెళ్లింది చూసి, మౌత్‌పీసుకి బిగించే రీడు అనే పల్చటి బద్దని విప్పి, గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షుతో తోమేసింది.

"ఏటి సేసినావే?" సాయంత్రం వచ్చిన జాక్సన్ మౌత్‌పీసుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏటి సేత్తాను, కడిగినాను. లోపల్నించి పకోడీ ముక్కొచ్చింది. ఉల్లిపాయతో సహా."

"మీ అన్న సూత్తే?"

"సూడనీ. కళ్లున్నాయి కదా."

మర్నాడే చూశాడు.

"మెరిసిపోతంది బావా. ఈస్టర్ పాట నాను వాయిత్తాన్లే. నువ్వు కూకుని ఇను."

ఈస్టర్ పాట జాక్సన్‌ది. ఏడాదంతా ఆకాశంలో ఒంటరిగా కూర్చునే మనిషికి నలుగురూ చెవి ఒగ్గేది ఆ నాలుగు నిమిషాలే. కాదంటే ఇంట్లో గొడవ. అవునంటే గుండెల్లో గొడవ.

"అట్టుకెళ్లన్నయ్యా," అంది దీనా. "ఊదిన ప్రతిసారీ రీడు విప్పి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిసి, ఆరబెట్టాల. పావుగంట పని. రోజుకి రెండుసార్లు ప్రాక్టీసంటే రెండుసార్లూ."

"ఎవులు తోమాల, నానా?"

"కాదు, పాస్టరుగారు."

శుభాకర్‌కి శుభం కావాలి, శుభ్రం కావాలి, శ్రమ ఒక్కటే సరిపడదు. "ఈమధ్య ఆయాసంగుంటంది బావా," అని ఇంకో గొడుగు అడిగి పుచ్చుకుని వెళ్లిపోయాడు.

ఈస్టర్‌నాడు జాక్సనే వాయించాడు. పకోడీ అడ్డం లేని ఆ స్వరం విని, కొత్తది కొన్నావా అని నలుగురు అడిగారు.

కాబట్టి మొదట చేసిన మనవిని వాపసు తీసుకోక తప్పదు. మురికికి జంకేది కొందరే, కడగడానికి జంకనివాడు లేడు! ఏ వస్తువు ఎవరిదో తేలాలంటే రసీదులు వెతక్కండి, ఎవరు కడుగుతున్నారో చూడండి.

ఆ లెక్కన ఈ క్లారినెట్ జాక్సన్‌దేనా అన్నది ఇంకా అనుమానమే. ఆదివారం ఆరాధన అయ్యాక అతను టీకి వెళ్తాడు. కుళాయి దగ్గర బ్రష్షుతో కనిపించేది దీనా.