తాయమ్మ పొడి, రెండు తేదీలు

తొమ్మిది గంటల ఆదోని బస్సుకు పన్నెండు ప్యాకెట్లతో బయలుదేరాలని మంజు ముందు రోజే నిర్ణయించుకుంది. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో వాళ్ల అవ్వ తాయమ్మ వేరుశెనగలు వేయించి దంచిన చెనక్కాయ పొడి ఆ ప్యాకెట్లలో ఉంది. పదకొండింటికి కాలేజీలో మల్లికార్జున సార్ ఒక్కో జట్టు తయారుచేసిన ప్యాకెట్ చూసి మార్కులు వేస్తారు. లేబుల్‌కు పదిహేను, నిలబడి దాని గురించి మాట్లాడినందుకు పది. పాసవ్వాలంటే మొత్తం మీద పది రావాలి.

నలుగురి ముందు నోరు విప్పాలంటే మంజుకు కాళ్లు వణుకుతాయి. మాటలకిచ్చే పదీ ఆమె ఎప్పుడో వదులుకుంది. ఆశంతా లేబుల్ మీదే. "మంచి లేబుల్‌ను ఎవరూ వివరించే పని లేదు" అని సార్ చెప్పిన మాటను నోట్‌బుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకుంది.

అందుకే లేబుల్ కోసం రెండు వారాలు కూర్చుంది. నడుమ అవ్వ ఫొటో. పింఛను కాగితాలకని తీయించింది కాబట్టి అందులో అవ్వ నవ్వలేదు. ఫొటో చుట్టూ బంతిపూల దండ. పైన పెద్ద అక్షరాలతో "తాయమ్మ". కింద రెండు తేదీలు: పొడి దంచిన రోజు ఒకటి, మూడు నెలల తర్వాత పొడి పాడయ్యే రోజు ఇంకొకటి. అన్నిటికంటే అడుగున "చెనక్కాయ పొడి".

జట్టులో రజిని ప్యాకెట్లు అతికించింది. ప్రేమ్ కుమార్ అంతవరకు ఏ పనీ చేయలేదు గనుక ప్రచారం తనదన్నాడు. ఆ పొద్దున ఆరింటికే లేబుల్‌ను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. తెరలో పట్టక అడుగు భాగం తెగిపోయింది. దాని మీద "మా తాయమ్మవ్వ" అని రాసి, జోడించిన చేతుల బొమ్మ పెట్టాడు.

ఎనిమిదిన్నరకు వాకిట్లో ఆటో ఆగింది. హాలహర్వి నుంచి అవ్వ తమ్ముడు గిడ్డయ్య చేటంత పూలదండతో దిగాడు. వెనకే నలుగురు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ దిగారు.

వాకిలి ఊడుస్తున్న తాయమ్మ చీపురు పారేసి, వాళ్లను పట్టుకుని తానూ ఏడ్చింది. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే తోడు ఏడవకుండా కారణం అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుంది.

"ఎవురు పోయినార్రా గిడ్డా?"

గిడ్డయ్య దండతో సహా బిగుసుకుపోయాడు. "నువ్వే కదక్కా!"

"నేనా? నాకెవురూ సెప్పలేదే!"

గిడ్డయ్య ఫోన్ తీసి, తనకు ఎవరో పంపిన ఆ స్టేటస్ బొమ్మ చూపించాడు. "సూడు. ఫొటో, దండ, తేదీ. నిన్న పోయినావంట. దినాలేమో మూడు నెలలకి పెట్టినారు. ఇదేం పద్ధతప్పా అని దోవంతా తిట్టుకుంటా వచ్చినా!"

"తాతా, ఆ తేదీలు పొడివి..." అంది మంజు. ఆ మాట ఆమెకే వినపడలేదు. అంతలో ఇంకో రెండు ఆటోలు వచ్చాయి. బస్సుకని వచ్చిన రజిని వీధి మొదట్లోనే నిలబడి, "మంజూ, మన అవ్వకి ఇంతమంది సుట్టాలుండారా?" అంది. మంజు ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేసింది.

"స్టేటస్ తీసెయ్యి!"

"ఎందుకు తీయాల? నూట నలభై మంది సూసినారు. అందరూ దండాలే పెట్టినారు. ఏ పొడికి వస్తాదే ఇంత మర్యాద?"

మంజు ఫోన్ పెట్టేసి అరుగెక్కింది. "మా అవ్వ బతికే ఉంది! అది చెనక్కాయ పొడి లేబులు!" అని వచ్చినవాళ్లకు వచ్చినట్టు అరిచింది. పదకొండోసారి అరిచేసరికి గొంతు బొంగురుపోయింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

లోపల అన్నం ఉడికింది. వాకిట్లో తాయమ్మ కత్తెరతో ప్యాకెట్లు ఒక్కొక్కటే కోసి విస్తళ్లలో పొడి వేస్తోంది.

"అవ్వా! అవి సార్‌కి సూపించాల!"

"మీ సారు నాకోసం ఏడ్చినాడా? వీళ్లు ఏడ్చినారు. తిననీ."

అప్పుడే మల్లికార్జున సార్ వచ్చారు. స్టేటస్ చూసి, ఆ రోజు పరీక్ష వాయిదా వేసి, క్లాసు మొత్తాన్ని వెంటబెట్టుకుని ఆదోని నుంచి పరామర్శకు వచ్చారు. తాయమ్మ ఆయన చేతికి మజ్జిగ గ్లాసిచ్చింది. ఆయన తన ఫోన్‌లోని ఫొటో వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశారు.

మంజు అరుగు దిగకుండానే పన్నెండోసారి మొదలుపెట్టింది. ఫొటో ఎందుకు, పూలెందుకు, ఏ తేదీ దేనికి, అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక చూస్తే ఎదురుగా అరవై మంది ఉన్నారు. అప్పుడు కాళ్లు వణికాయి.

సార్ గిడ్డయ్య విస్తరి పక్కనున్న ఖాళీ ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పారు.

"మాట్లాడినందుకు పదికి పది. లేబుల్‌కి రెండు."

"ఆ రెండు దేనికి సార్?"

"అతుకు గట్టిగా ఉంది."

పన్నెండు. పాసైంది. రజిని తన అతుకు గురించి వీధంతా వినేలా చెప్పుకుంది. గిడ్డయ్య తెచ్చిన దండను ఏం చేయాలో తెలియక, ఊరికే పోకూడదని తాయమ్మే మెడలో వేసుకుంది. తర్వాత ఖాళీ ప్యాకెట్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పూలు బాగుండాయి, ఉండనీ. ఆ రెండో తేదీ మాత్రం ఈసారి నన్నడిగి వెయ్యి."