నిరాశలో నంబర్ వన్

మా ఇసొనామి నగరాన్ని ఏడాది తిరిగేలోగా జపాన్‌లోకెల్లా అత్యంత నిరాశాజనకమైన పర్యాటక స్థలంగా తీర్చిదిద్దుతానని మేయర్ హతొగయగారు స్టేషన్ ముందు మైకులో ప్రకటించినప్పుడు, నేను టాక్సీ దిగి మరీ చప్పట్లు కొట్టాను. అంతటి దూరదృష్టి ఉన్న నాయకుడు చుట్టుపక్కల ఏ ఊరికీ లేడు.

సంగతేమిటంటే, మా స్టేషన్‌లో దిగేవాళ్లు తగ్గిపోయారు. వచ్చే వసంతం నుంచి ఇక్కడ ఎక్స్‌ప్రెస్ ఆగదని రైల్వేవాళ్లు చెప్పేశారు. అది ఆగకపోతే నా టాక్సీ, ఊళ్లో హోటళ్లు, కొండ మీద జలపాతం దగ్గర తోకియె మామ్మ నడిపే టీకొట్టు అన్నీ మూతపడ్డట్టే. సరిగ్గా అప్పుడే మేయర్‌గారు ఒక సత్యం కనిపెట్టారు. ఎక్కడో ఓ ఊళ్లో చారిత్రక వంతెన ఉందట. వంతెనేదని అడిగేసరికే దాన్ని దాటేసి ఉంటారట. అంత బుల్లిది. ఈ సంగతి పేపర్లో పడ్డాక, మేమూ చూసి పెదవి విరుస్తామంటూ జనం బస్సులు కట్టుకుని దిగుతున్నారట.

"అందంలో క్యోటో నగరంతో పోటీ పడలేం. నిరాశలో మనతో ఎవడు పోటీకొస్తాడో చూద్దాం," అన్నారు మేయర్‌గారు.

నిజమే, మాకు అర్హతలకి కొదవలేదు. కోట ఉంది. అంటే పునాదిరాళ్లు ఉన్నాయి, వాటి మీద సైకిల్ స్టాండ్ ఉంది. తెల్ల డ్రాగన్ జలపాతం ఉంది. కుళాయి సరిగ్గా కట్టకపోతే అంతే ధార వస్తుంది. ఫుజి పర్వత దర్శన వేదిక ఉంది. అక్కణ్నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దివ్యంగా కనిపిస్తుంది.

జాతీయ నిరాశా స్థలాల సంఘమని టోక్యోలో ఒకటుంది. దాని అధ్యక్షురాలు వచ్చి, చూసి, సరేనంటే, ఇది నిరాశా స్థలమేనని బోర్డు ఇస్తారు. బోర్డు వస్తే బస్సులొస్తాయి.

ఆటంకమల్లా తోకియె మామ్మే. జలపాతం చూసినవాళ్లు నవ్వుతూ కొండ దిగుతున్నారని పర్యాటక శాఖ అధికారి నుకుయి సర్వేలో తేలింది. ఆరా తీస్తే కారణం మామ్మ టీ, ఆవిడ మిసో అనే సోయా ముద్ద రాసి కాల్చే బియ్యప్పిండి ఉండలు. మేయర్‌గారు వెంటనే నుకుయిని వెంటబెట్టుకుని నా టాక్సీలో కొండెక్కారు.

"మామ్మగారూ, మీ ఉండల మీద ఫిర్యాదులు..." అని మొదలుపెట్టాడు నుకుయి.

"ఎవరయ్యా చేసింది?"

"ఎవరూ చెయ్యడం లేదు. అదే సమస్య."

మేయర్‌గారు ముందుకొచ్చి మెత్తగా అడిగారు. "ఊరి కోసం కాస్త మాడ్చకూడదా మామ్మా?"

"మాడ్చడం నాకు చేతకాదు బాబూ. మీ ఆఫీసు నుంచి ఎవరినైనా పంపండి."

"పోనీ, వచ్చినవాళ్ల మీద కాస్త విసుక్కో."

మామ్మ ప్రయత్నించింది పాపం. అప్పుడే వచ్చిన ఒకాయన్ని "ఎందుకొచ్చావు?" అని గద్దించింది. మరుక్షణం "ఇంత ఎత్తెక్కితే కాళ్లు లాగవూ," అంటూ కుర్చీ వేసింది. నుకుయి తల పట్టుకున్నాడు. తనిఖీ రోజున కొట్టు మూసెయ్యాలని ఆదేశమైంది.

"తుపాన్లలో కూడా మూయలేదయ్యా నెజూ," అంది మామ్మ నాతో, పొయ్యి వంక చూస్తూ. "పోన్లే, రైలాగడం ముఖ్యం."

తనిఖీ రోజు రానే వచ్చింది. అధ్యక్షురాలు మొరొహోషిగారిని నేనే ఎక్కించుకున్నాను. ముందురోజు కురిసిన వానకి జలపాతం ఏనుగుల మందలా ఘీంకరిస్తోంది. పైగా ఇంద్రధనుస్సు. మేయర్‌గారి మొహం పాలిపోయింది.

"ఇది రోజూ ఇలా ఉండదండీ. మాది చాలా అధమం," అన్నారు ఆయన చేతులు నలుపుకుంటూ. నుకుయి గొడుగు విప్పి ఇంద్రధనుస్సుకి అడ్డం పట్టాడు.

దర్శన వేదిక ఎక్కేసరికి మబ్బులు తొలగి, నేను పుట్టి బుద్ధెరిగాక అక్కణ్నుంచి ఎన్నడూ చూడని ఫుజి నిండుగా నిలబడి ఉంది.

"అది ఫుజి కాదండీ, సిమెంటు ఫ్యాక్టరీ పొగ," అన్నారు మేయర్‌గారు. అధ్యక్షురాలు ఆ పొగని ఫొటో తీసుకున్నారు.

తిరిగొస్తూ, మూసిన టీకొట్టు ముందు ఆగారు. మామ్మ గడప మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

"బాధపడకండి మేయర్‌గారూ," అన్నారు అధ్యక్షురాలు. "వాన పడకపోయినా మీకు బోర్డు వచ్చేది కాదు. నిరాశ పడాలంటే ముందు ఆశ పడాలి. మీ కోట మీదా, జలపాతం మీదా ఎవరికీ ఏ ఆశా లేదు. ఈ ఊరివాళ్లు నిజంగా ఆశ పెట్టుకున్నది ఏదైనా ఉందా?"

నుకుయి తన బూట్లు చూసుకున్నాడు.

"ఒకసారి వీధివీధినా డోళ్లు వాయించామమ్మా," అంది తోకియె మామ్మ. "ఈయన గెలిచిన రోజున."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మేయర్‌గారిని తల నుంచి కాళ్ల దాకా చూశారు. ఆవిడ మొహంలో వృత్తిపరమైన ఆసక్తి కనిపించడం అదే మొదటిసారి.

బోర్డు వచ్చింది. సిటీ హాల్ ముందు పాతారు. ఇప్పుడు బస్సులు బారులు తీరుతున్నాయి, ఎక్స్‌ప్రెస్ ఆగుతోంది. మేయర్‌గారు పూటకోసారి బాల్కనీలోకి వస్తారు. జనం చూసి, "ఫొటోలో ఇంకాస్త పొడుగ్గా ఉన్నాడే," అనుకుంటారు. ఆయన నడుము వంచి నమస్కరిస్తారు. మామ్మ కొట్టు ఎదురుగుండా పెట్టింది. నిరాశ పడ్డవాళ్లు బాగా తింటారట.

శరదృతువులో మేయర్‌గారి మనసు కరిగింది. ఇంతమంది తనని చూడ్డానికొస్తుంటే ఒక్క మంచి పనైనా చెయ్యకపోతే ఎలా అని, ఖాళీగా పడున్న మా మునిసిపల్ ఆస్పత్రికి ఒక డాక్టరుని మాట్లాడారు. కబురు తెలిసి ఊరు ఊరంతా సిటీ హాలుకి పరిగెత్తింది. మామ్మ మోకాళ్ల నొప్పితో, నా భుజం పట్టుకుని మెట్లెక్కింది.

"సీజన్ మొదలవుతోంది బాబూ. ఇప్పుడు మీరు పనులు చేస్తే మేమేం కావాలి?"

"మరి నీ మోకాళ్లు మామ్మా?" అన్నారు మేయర్‌గారు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"వాటి సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఏమీ చెయ్యకండి."

ఆయన అక్కడికక్కడే డాక్టరుగారికి ఫోన్ చేసి రావద్దన్నారు. ప్రజల మాట ఇలా మన్నించే మేయర్ ఇంకెక్కడున్నాడో చెప్పండి. మేమంతా చప్పట్లు కొట్టాం. తర్వాత నేనూ నుకుయీ చెరో రెక్కా పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగుతూ, మామ్మని కిందికి దింపాం.