పోచమ్మ మేకకు బొల్లి మాత్రలు

ఈ ఏడు పోచమ్మకు ఇచ్చే మేకపోతు ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండరాదని మగ్గాల పేట కనేరిలోని బోనాల కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించింది అధ్యక్షుడు, అరవై మగ్గాల యజమాని గాలయ్య సేఠ్. మిగతా సభ్యులంతా ఆయన మగ్గాల మీదే పనిచేస్తారు కనుక ఏకగ్రీవానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ చుట్టుపక్కల నల్ల మేకపోతు ఒక్కటే ఉంది. అది సేఠ్ మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే రామవ్వది. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచుకుంది. దాని ఎడమ చెవి మీద బొట్టుబిళ్లంత తెల్లమచ్చ ఉంది.

“మచ్చున్నది గద సేఠ్, పోచమ్మకు పనికస్తదా? ఇడిసిపెట్టుండ్రి,” అంది రామవ్వ. ఆ మచ్చే దాని ప్రాణం కాపాడుతుందని ఆమె ఆశ.

కాని సేఠ్ శాస్త్రీయ దృక్పథం గల మనిషి. కూతురు కోమల్ మణికట్టు మీది బొల్లి మచ్చకు డాక్టరు రాసిన మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి. అవి వేసుకుంటే చర్మం వెలుతురును తట్టుకోలేదని, అతినీలలోహిత దీపం కింద కొలిచినన్ని నిమిషాలే ఉండాలని, కళ్లకు నల్లద్దాలు తప్పనిసరని చీటీలో ఉంది. సేఠ్ చీటీని గౌరవంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనిషికి ఒకటైతే నాలుగు కాళ్లకు నాలుగని తేల్చి, బెల్లంలో పెట్టి తినిపించి, దీపానికి బదులు సూర్యుడు చాలని రోజూ మిట్టమధ్యాహ్నం మేకను డాబా మీద ఎండలో కట్టేయించాడు. నల్లద్దాలు పెడితే అమ్మవారి మేకను చూసి జనం నవ్వుతారని మానేశాడు.

నాలుగో రోజుకు చెవి వాచి, తోలు లేచి, నల్లగా మాడింది. కళ్లకు తెల్లపొర కమ్మింది. గోడలకు కొట్టుకుంటున్న మేక మూతికి కొబ్బరినూనె రాస్తూ రామవ్వ ఏడ్చింది.

సేఠ్ సభ పెట్టాడు. “మచ్చ పోయింది, అంటే మందు పనిచేసింది. కండ్లు పోవుడు మేక తప్పు. సూర్యుని దిక్కు చూడుమని దానికి ఎవ్వరన్న చెప్పిండ్రా? రేపటి సంది మా కోమల్‌కు గిట్లనే నాలుగు గోలీలు, మిట్టమధ్యాహ్నం ఎండ.” చప్పట్లు మోగాయి. గుడ్డి మేక అమ్మవారికి పనికిరాదు కనుక శాలువా కప్పి రామవ్వకు తిరిగిచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఆమె గది ముందు ఆడవాళ్లు బారులు తీరారు. మేకను పరామర్శించడానికి వచ్చారనుకుని రామవ్వ కళ్లు తుడుచుకుంది. అందరికంటే ముందు నిలబడ్డ పక్కగది అనురాధ గొంతు తగ్గించింది.

“అవ్వా, మా పిల్లకు మెడ మీద బొల్లి మచ్చున్నది. ఎన్ని గోలీలు ఏసిండ్రు?”

రామవ్వ మేక తలెత్తి, పాలపొర కమ్మిన ఆ రెండు కళ్లూ చూపించింది.

“గవి కాదు,” అన్నారు వెనకవాళ్లు. “చెవి చూపియ్యి.”